ముందు కాగితం, తర్వాత కంప్యూటరు

పిల్లలూ! ఒక ట్రాక్టరు చెరుకు ఖరీదు ఎంతుంటుందో చెప్పగలరా? పాతిక వేలంటారా? ముప్ఫై వేలంటారా? మా బడిలో కంప్యూటరు ఒకసారి ఒక ట్రాక్టరు చెరుకుకు మూడు కోట్ల డెబ్బై ఎనిమిది లక్షల రూపాయలు ఖరీదు కట్టింది!

మాది ఉయ్యూరు. విజయవాడ నుంచి బందరు వెళ్లే దారిలో ఉంది. 1941లో పుట్టిన కె.సి.పి. సంస్థ చక్కెర మిల్లు వల్ల చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ ఉయ్యూరు అనగానే చెరుకే గుర్తుకొచ్చేది. మా పిల్లల్లో చాలామంది ఇళ్లలో ఎవరో ఒకరు చెరుకు పండించినవారో, నరికినవారో, తోలినవారో ఉంటారు. అందుకని తొమ్మిదో తరగతికి ప్రోగ్రాము రాయడం నేర్పేటప్పుడు చెరుకు లెక్కే ఇచ్చాను.

"చెరుకు ట్రాక్టరు కాటా ఎక్కింది. రైతుకు ఎంత డబ్బు రావాలో లెక్కగట్టే ప్రోగ్రాము రాయాలి. నిండు బండి బరువు 12,600 కిలోలు. ధర టన్నుకు 3,000 రూపాయలు అనుకుందాం." ఇంతవరకు బోర్డు మీద రాశాను. సుద్దముక్క అరిగిపోతే ఇంకొకటి తీసుకోవడానికి బల్ల వైపు తిరిగాను. అంతలోనే వెనక కీబోర్డుల టకటక మొదలైంది! నేను చెప్పడం పూర్తవనే లేదు, ప్రోగ్రాము పూర్తయిపోయింది!

ముందు వరసలో అబ్బాయి "వచ్చేసింది మాస్టారూ!" అని అరిచాడు. తెర మీద 3,78,00,000 అని ఉంది. గది గదంతా గొల్లున నవ్వింది.

నవ్వించిన తప్పు, నవ్వించని తప్పు

తప్పు ఎక్కడుందో మీరు ఈపాటికి పట్టేసి ఉంటారు. బరువు కిలోల్లో ఉంది, ధర టన్నులకు చెప్పారు. ఆ అబ్బాయి 12,600ను 3,000తో నేరుగా గుణించేశాడు. నవ్వులు విని తనే తప్పు తెలుసుకుని, 1000తో భాగించాడు. ఈసారి జవాబు 37,800 రూపాయలు. నమ్మదగ్గ అంకె. తక్కిన పిల్లలందరూ అదే రాసుకున్నారు. ఇక ఎవరూ నవ్వలేదు.

అప్పుడు మూడో బెంచీలోంచి ఒక అమ్మాయి లేచింది. "మాస్టారూ! మా నాన్న తెచ్చే కాటా చీటీలో రెండు బరువులుంటాయండీ. పోయేటప్పుడొకటి, వచ్చేటప్పుడొకటి" అంది.

అసలు కిటుకంతా ఇక్కడే ఉంది! నిండు బండిని తూచినప్పుడు చెరుకుతోపాటు ట్రాక్టరూ, దాని ట్రక్కూ కూడా తూగుతాయి గదా! చెరుకు దింపి వచ్చాక ఖాళీ బండిని మళ్లీ తూస్తారు. నేను సుద్దముక్క తీసుకుని రాయబోయిన రెండో వాక్యం అదే: "ఖాళీ బండి బరువు 4,200 కిలోలు." అంటే చెరుకు బరువు 8,400 కిలోలు. అది 8.4 టన్నులు. రైతుకు రావలసింది 25,200 రూపాయలు. మా పిల్లల ప్రోగ్రాము ఒక్క బండికే 12,600 రూపాయలు ఎక్కువ కట్టింది. ఇనుమును కూడా చెరుకు ధరకే అమ్మేసిందన్నమాట!

ఈ రెండు తప్పుల తేడా చూశారా? మూడు కోట్ల తప్పు చూడగానే అందరికీ తెలిసిపోయింది. అది నవ్వించిన తప్పు. ముప్ఫై ఏడు వేల తప్పు అలా కాదు. అది నిజంలాగే కనిపిస్తుంది. ఆ అమ్మాయి లేవకపోతే నోటు పుస్తకాల్లోకి ఎక్కి అక్కడే కూర్చునేది. ప్రోగ్రాములు రాసేవాళ్లు భయపడవలసింది ఈ రెండోరకం తప్పుకే.

కొలమానాల తప్పు చిన్నపిల్లలే చేస్తారనుకోకండి. 1999 సెప్టెంబరులో అమెరికా వారి 'మార్స్ క్లైమేట్ ఆర్బిటర్' అనే అంతరిక్ష నౌక అంగారకుణ్ణి చేరే సమయంలో నాశనమైపోయింది. కారణం ఏమిటంటే, భూమి మీద ఒక ప్రోగ్రాము బలాన్ని పౌన్ల లెక్కలో ఇచ్చింది. దాన్ని వాడుకున్న మరొక ప్రోగ్రాము అవి న్యూటన్ల లెక్క అనుకుంది. ఏ ప్రోగ్రాముకు ఆ ప్రోగ్రాము పని బాగానే చేసింది. కాని నౌక అనుకున్న దానికంటే బాగా కిందికి, అంగారకుడి వాతావరణంలోకి దిగిపోయింది. మన కిలోలూ, టన్నుల గొడవే అక్కడ పౌన్లూ, న్యూటన్ల గొడవగా వచ్చిందన్నమాట.

కంప్యూటరుకు ఏం తెలుసు?

మీ అమ్మ మిమ్మల్ని "కొట్టుకెళ్లి కిలో బెల్లం పట్రా" అంటుంది. డబ్బు తీసుకెళ్లమనీ, సంచీ తీసుకెళ్లమనీ, కొట్టు మూసి ఉంటే ఇంకో కొట్టుకు వెళ్లమనీ చెప్పదు. చెప్పకపోయినా మీకు తెలుసు. మనుషుల మాటల్లో సగం చెప్పినవి, సగం చెప్పకుండానే అర్థమయ్యేవి.

కంప్యూటరు సంగతి అలా కాదు. చెరుకు తియ్యగా ఉంటుందని దానికి తెలియదు. ట్రాక్టరుకు బరువుంటుందని తెలియదు. గుణించమంటే గుణిస్తుంది, భాగించమంటే భాగిస్తుంది. మీరు మరిచిపోయినదాన్ని అది గుర్తుచేయదు. కాబట్టి మనం చెప్పకుండా వదిలేసే ఆ సగాన్ని కూడా వెతికి పట్టుకుని, వరసగా, విడివిడిగా చెప్పాలి. ఇలా చెప్పిన మెట్ల వరసకే ఆల్గారిథం అని పేరు. ఈ మాట తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాదులో ఉండి భారతీయ అంకెలతో లెక్కలు చేసే పద్ధతి మీద గ్రంథం రాసిన అల్ ఖ్వారిజ్మీ అనే గణితవేత్త పేరునుంచి పుట్టింది.

ఇంకో సంగతి. ప్రోగ్రాములో తప్పులు రెండు రకాలు. మొదటిది వ్యాకరణ దోషం. ఒక కుండలీకరణం మరిచిపోయారనుకోండి. కంప్యూటరు వెంటనే ఆగి, ఫలానా పంక్తిలో తప్పుందని చెబుతుంది. రెండవది ఆలోచనలో దోషం. ఖాళీ బరువు తీసివేయకపోవడం అలాంటిది. దీన్ని కంప్యూటరు ఎన్నటికీ పట్టదు. ఎందుకంటే మీ మనసులో ఏముందో దానికి తెలియదు గదా! వ్యాకరణ దోషాన్ని కీబోర్డు దగ్గర దిద్దుకోవచ్చు. ఆలోచనలో దోషాన్ని ఆలోచించే చోటే, అంటే కాగితం మీదే పట్టుకోవడం తేలిక.

యంత్రమే లేకుండా ప్రోగ్రాము!

ప్రోగ్రాము రాయడానికి అసలు కంప్యూటరు ఉండనక్కరలేదంటే నమ్ముతారా? 1843లో ఇంగ్లండులో ఎడా లవ్‌లేస్ అనే ఆమె, చార్లెస్ బాబేజ్ ఊహించిన ఒక గణనయంత్రం కోసం, బెర్నూలీ సంఖ్యలను లెక్కగట్టే పద్ధతిని మెట్టు తర్వాత మెట్టుగా పట్టికలో రాసి ప్రచురించింది. ఆ యంత్రం అప్పటికి తయారు కాలేదు, తర్వాత కూడా పూర్తి కాలేదు! అయినా ఆ పట్టికను మొదటి కంప్యూటరు ప్రోగ్రాముల్లో ఒకటిగా చాలామంది లెక్కపెడతారు. తమాషా ఏమిటంటే, ఆ పట్టికలో ఒకచోట భాగహారం తలకిందులైంది. తర్వాతివాళ్లు చదివి అది కనిపెట్టారు. కాగితం మీద ఉంది కాబట్టే కనిపెట్టగలిగారు!

యంత్రాలు వచ్చాక కూడా చాలాకాలం వాటి ముందు కూర్చునే భాగ్యం అందరికీ లేదు. 1963లో కాన్పూరు ఐ.ఐ.టి.కి ఐ.బి.ఎం. 1620 కంప్యూటరు వచ్చింది. 1969లో మన హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. టి.డి.సి. 12 అనే స్వదేశీ కంప్యూటరును తయారుచేసింది. ఆ రోజుల్లో చాలాచోట్ల ప్రోగ్రాములో ఒక్కొక్క పంక్తినీ ఒక్కొక్క అట్టముక్క మీద చిల్లులుగా పొడిచేవారు. ఆ అట్టల కట్టను అప్పగించి, జవాబు కోసం గంటలకొద్దీ, ఒక్కోసారి మర్నాటిదాకా ఎదురుచూసేవారు. ఒక్క తప్పు దొరికినా మళ్లీ మొదటికే! అందుకని అట్ట పొడిచే ముందు కాగితం మీద నాలుగుసార్లు సరిచూసుకునేవారు.

నా సంగతీ చెప్పాలి. బి.ఇడి. ముగించిన కొత్తలో విజయవాడలో బేసిక్ భాష నేర్చుకోవడానికి చేరాను. యంత్రం ఒకటి, నేర్చుకునేవాళ్లం బోలెడుమందిమి. ఒక్కొక్కరి వంతు అరగంట. మొదటి రోజు నేను ఉత్సాహం కొద్దీ యంత్రం ముందు కూర్చునే ఆలోచించడం మొదలుపెట్టాను. కొట్టడం, చెరపడం, మళ్లీ కొట్టడం. అరగంట ఇట్టే అయిపోయింది. జవాబు రాలేదు. నా తర్వాత కూర్చున్న కుర్రవాడు నోటు పుస్తకంలోంచి చూసి చకచకా కొట్టి, పావుగంటలో ముగించి లేచిపోయాడు. వాడు నాకంటే తెలివైనవాడేమీ కాదు. వాడి ఆలోచన ఇంటి దగ్గరే అయిపోయింది, అంతే!

ఆ పాత బేసిక్‌లో ప్రతి పంక్తికీ ఒక సంఖ్య వేసేవాళ్లం. 1, 2, 3 అని కాకుండా 10, 20, 30 అని వేసేవాళ్లం. ఎందుకో తెలుసా? మధ్యలో ఏదైనా మరిచిపోతే 15 అనో, 25 అనో ఇరికించడానికి! మనిషి మరిచిపోతాడని ముందే ఒప్పుకుని, దానికి చోటు వదలడం. అదీ ఒకరకం ముందుచూపే.

చేత్తో చేసి చూద్దాం

సరే, ముందు ఆలోచించాలి అన్నాం. ఎలా ఆలోచించాలి? "బాగా ఆలోచించండి" అంటే చాలదు గదా! జార్జ్ పోల్యా అనే గణితవేత్త 1945లో లెక్కలు సాధించే విధానం మీద ఒక పుస్తకం రాశాడు. అందులో నాలుగు మెట్లు చెప్పాడు: ప్రశ్నను అర్థం చేసుకోవడం, పథకం వేయడం, పథకం ప్రకారం చేయడం, వెనక్కి తిరిగి చూడటం. మా పిల్లలు మొదటి రెండు మెట్లూ ఎగిరి దాటి మూడోదాని మీద కాలు పెట్టారు. జారిపడ్డారు!

మనం ఒకటో మెట్టు నుంచి ఎక్కుదాం. కంప్యూటరు కట్టేసి, కాగితం తీసుకోండి. ఇప్పుడు మీరే కాటా దగ్గర గుమాస్తా. ఒక రైతు రెండు బండ్లు తోలాడు.

మొదటి బండి: నిండు బరువు 12,600, ఖాళీ బరువు 4,200.
రెండో బండి: నిండు బరువు 11,900, ఖాళీ బరువు 4,150.

ఎంత ఇస్తారు? చేత్తో చేయండి. మొదటి బండిలో చెరుకు 8,400 కిలోలు. రెండో దానిలో 7,750. రెండూ కలిపితే 16,150 కిలోలు, అంటే 16.15 టన్నులు. టన్నుకు 3,000 చొప్పున 48,450 రూపాయలు.

ఈ జవాబును కాగితం పైన పెద్ద అక్షరాలతో రాసి, చుట్టూ గీత గీయండి. రేపు ప్రోగ్రాము రాశాక ఇదే జవాబు రావాలి. ప్రోగ్రాము రాయకముందే సరైన జవాబు మన చేతిలో ఉంది. ఇక మనల్ని ముప్ఫై ఏడు వేల అంకె మోసం చేయలేదు!

చేత్తో లెక్క చేయలేనివాడు ఆ లెక్కకు ప్రోగ్రాము రాయలేడు. చేత్తో చేస్తున్నప్పుడు మీ చెయ్యి ఏ వరసలో నడిచిందో గమనించండి. ఆ వరసే మీ ప్రోగ్రాము.

ఇప్పుడు మూడు ప్రశ్నలకు జవాబులు రాయండి. మనకు ఏమేమి ఇస్తారు? బండ్ల సంఖ్య, ఒక్కొక్క బండికి రెండు బరువులు, టన్ను ధర. ఏం కావాలి? రైతుకు రావలసిన డబ్బు. ఏది ఏ కొలతలో ఉంది? బరువులు కిలోల్లో, ధర టన్నుకు, జవాబు రూపాయల్లో. ఈ మూడో ప్రశ్న వేసుకుని ఉంటే మూడు కోట్ల జవాబు వచ్చేదే కాదు.

తెలుగులో మెట్లు

తర్వాత ప్రోగ్రామును తెలుగులో రాయాలి. మీరు పైథాన్ నేర్చుకుంటున్నా, మరొక భాష నేర్చుకుంటున్నా, ముందు అమ్మభాషలో రాయండి. ఒక వాక్యానికి ఒక్క పనే ఉండాలి.

1. మొత్తం బరువు సున్న అని పెట్టుకో.
2. టన్ను ధర ఎంతో అడుగు.
3. బండ్లు ఎన్నో అడుగు.
4. ఒక్కొక్క బండికీ ఈ కింది పనులు చేయి:
 అ) నిండు బరువు అడుగు.
 ఆ) ఖాళీ బరువు అడుగు.
 ఇ) నిండు బరువులోంచి ఖాళీ బరువు తీసివేయి.
 ఈ) వచ్చినదాన్ని మొత్తం బరువుకు కలుపు.
5. మొత్తం బరువును 1000తో భాగించు.
6. దాన్ని టన్ను ధరతో గుణించు.
7. జవాబు చూపించు.

ధర 3,000 అని తెలుసు గదా, మళ్లీ అడగడమెందుకని అనుకుంటున్నారా? ధర ఏటేటా మారవచ్చు. అడిగి తీసుకుంటే అదే ప్రోగ్రాము వచ్చే ఏడు కూడా పనికొస్తుంది.

దీన్నే బొమ్మగా కూడా గీయవచ్చు. ఆ బొమ్మను ఫ్లోచార్టు అంటారు. 1947లో గోల్డ్‌స్టైన్, ఫాన్ నాయ్‌మన్ అనే శాస్త్రజ్ఞులు ప్రోగ్రాముల కోసం ఇలాంటి బొమ్మలు వాడుతూ వ్యాసాలు రాశారు. మొదలూ, చివరా కోడిగుడ్డు ఆకారంలో గీస్తారు. అడగడానికీ, చూపించడానికీ సమాంతర చతుర్భుజం. లెక్క చేసేచోట దీర్ఘచతురస్రం. అవునా కాదా అని తేల్చుకునేచోట నిలబెట్టిన సమచతుర్భుజం. దాని ఒక కొసనుంచి 'అవును' దారీ, ఇంకో కొసనుంచి 'కాదు' దారీ బయలుదేరతాయి. బాణం గుర్తుల వెంట వేలు పెట్టి నడవండి. వేలు ఎక్కడైనా దారి తెలియక ఆగిందంటే మీ ఆలోచన కూడా అక్కడే ఆగిందన్నమాట!

తిక్క ప్రశ్నలు వేయండి

మెట్లు రాయగానే పని అయిపోయిందనుకోకండి. ఇప్పుడు కాగితాన్ని పక్కనున్న స్నేహితుడికి ఇవ్వండి. తిక్క తిక్క ప్రశ్నలు వేయమనండి. మా తరగతిలో వచ్చిన ప్రశ్నలు ఇవి.

"గుమాస్తా రెండు బరువులూ తారుమారు చేసి కొడితే?" చెరుకు బరువు సున్న కంటే తక్కువ వస్తుంది. రైతే మిల్లుకు ఎదురు డబ్బు కట్టాలి! కాబట్టి (ఆ) మెట్టు తర్వాత ఒక కొత్త మెట్టు చేర్చాం: "నిండు బరువు ఖాళీ బరువు కన్నా ఎక్కువ కాకపోతే, 'బరువులు సరిచూడండి' అని చెప్పి, మళ్లీ (అ) మెట్టుకు వెళ్లు." ఫ్లోచార్టులో సమచతుర్భుజం వచ్చేది ఇక్కడే.

"రైతు ఒక్క బండి కూడా తోలకపోతే?" మొత్తం సున్న, డబ్బు సున్న. సరిగానే ఉంది. మార్చనక్కరలేదు.

"బండి మరీ పెద్దదైతే?" ఈ ప్రశ్న విని కొందరు నవ్వారు. నేను మాత్రం నవ్వలేదు. 1996 జూన్ 4న ఐరోపా వారి ఏరియన్ 5 రాకెట్టు తన మొదటి ప్రయాణంలోనే, బయలుదేరిన ముప్పావు నిమిషంలోపే ముక్కలైపోయింది. దాని దారిని కనిపెట్టే పరికరంలోని ప్రోగ్రామును పాత ఏరియన్ 4 రాకెట్టు నుంచి తెచ్చి పెట్టారు. అందులో అడ్డంగా పోయే వేగానికి సంబంధించిన ఒక విలువను 16 బిట్ల చోటులో ఇమడ్చాలి. ఆ చోటులో పట్టే అతిపెద్ద సంఖ్య 32,767. పాత రాకెట్టులో ఆ విలువ ఎప్పుడూ హద్దు దాటలేదు. కొత్త రాకెట్టు వేగం ఎక్కువ. హద్దు దాటింది, పరికరం ఆగిపోయింది. తోడుగా ఉంచిన రెండో పరికరంలో కూడా అదే ప్రోగ్రాము, అదే తప్పు! "ఈ సంఖ్య మరీ పెద్దదైతే?" అన్న తిక్క ప్రశ్నకు అక్కడ జవాబు లేకుండా పోయింది. ఈనాటి పైథాన్ భాషలో పూర్ణాంకాలకు ఇలాంటి హద్దు లేదు. అయినా ప్రశ్న వేసుకోవడం మానకూడదు.

వేలు పెట్టి నడిపించండి

ఇక చివరి పరీక్ష. మీరే కంప్యూటరు అయిపోండి. కాగితం మీద మూడు గడులు గీయండి: నిండు బరువు, ఖాళీ బరువు, మొత్తం బరువు. మెట్ల మీద వేలు పెట్టి, రాసింది రాసినట్లుగా చేయండి. సొంత తెలివి ఉపయోగించకూడదు సుమా!

మొదట మొత్తం గడిలో 0. మొదటి బండి అయ్యాక 8,400. రెండో బండి అయ్యాక 16,150. తర్వాత 16.15. చివరికి 48,450. పైన గీత గీసి ఉంచుకున్న జవాబుతో సరిపోయింది.

ఒక పిల్లవాడికి మాత్రం 23,250 వచ్చింది. ఏం జరిగిందో ఊహించండి. వాడు "మొత్తం బరువు సున్న అని పెట్టుకో" అన్న వాక్యాన్ని 4వ మెట్టులో, బండ్ల పనుల మధ్యలో రాశాడు. దాంతో రెండో బండి రాగానే మొదటి బండి చెరుకంతా చెరిగిపోయింది. వాక్యం మంచిదే, ఉండవలసిన చోట లేదు! ఇదే తప్పు కంప్యూటరులో చేసి ఉంటే రైతుకు ఎన్ని బండ్లు తోలినా చివరి బండి డబ్బే ముట్టేది. 23,250 కూడా నమ్మదగ్గ అంకెలాగే కనిపించేది. కాగితం మీద అయితే గడి చెరిగిపోవడం కళ్లారా చూశాడు, రెండు నిమిషాల్లో దిద్దుకున్నాడు.

ఇంత అయ్యాకే మా పిల్లలు మళ్లీ కంప్యూటరు దగ్గరకు వెళ్లారు. ఒక్కొక్క తెలుగు వాక్యాన్నీ ఒకటి రెండు పంక్తుల పైథాన్‌గా మార్చారు. కుండలీకరణాలు మరిచిపోయారు, అక్షరాలు తప్పు కొట్టారు. కంప్యూటరు గోల చేసింది, దిద్దుకున్నారు. చివరికి తెర మీద 48,450 వచ్చింది. ఈసారి ఎవరూ "వచ్చేసింది!" అని అరవలేదు. అందరూ ముందు కాగితం వైపు చూసుకున్నారు!

మరి ఇప్పుడు కంప్యూటరే రాస్తుంది గదా?

ఈ ప్రశ్న మీ మనసులో ఉందని నాకు తెలుసు. ఈనాడు మామూలు మాటల్లో అడిగితే ప్రోగ్రాము రాసిపెట్టే కంప్యూటర్లు వచ్చాయి. మనిషి మాటను యంత్రానికి తెలిసేలా చేయడానికి దశాబ్దాలపాటు పరిశోధన చేసిన వారిలో మన తెలుగువాడు, అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన దబ్బల రాజగోపాలరెడ్డిగారు ఒకరు. 1994లో ఆయనకు కంప్యూటరు రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారం లభించింది.

అయితే ఆలోచించండి. మీరు అలాంటి యంత్రాన్ని "బరువును ధరతో గుణించే ప్రోగ్రాము రాయి" అని అడిగితే అది చక్కగా రాసిస్తుంది. వ్యాకరణ దోషం ఒక్కటీ ఉండకపోవచ్చు. కాని మీ ఊరి కాటా దగ్గర ఏ బరువు ఎప్పుడు తూస్తారో మీరు చెప్పాలి. వచ్చిన జవాబు సరైనదో కాదో మీరు తేల్చాలి. కాటా చీటీలో రెండు బరువులుంటాయని చెప్పింది పెద్ద ప్రోగ్రాములు వచ్చిన పిల్ల కాదు. నాన్న తెచ్చిన చీటీని శ్రద్ధగా చదివిన పిల్ల!

పథకం వేశాక దాన్ని మార్చకూడదని కూడా అనుకోకండి. మనం మధ్యలో కొత్త మెట్టు చేర్చలేదూ? రాస్తుంటే కొత్త సంగతులు తెలుస్తాయి. అప్పుడు మళ్లీ కాగితం దగ్గరకు వచ్చి దిద్దుకోవాలి. కృష్ణా డెల్టాలో పుట్టిన మనకు ఇది వేరే చెప్పాలా? కాలువలో నీరు పల్లానికే పారుతుంది. ఏది మెరకో, ఏది పల్లమో కొలవకుండా పలుగు పట్టుకుంటే తవ్వినంత మేరా దండగే. కొలిచి తవ్వినా మధ్యలో రాయి తగలవచ్చు. అప్పుడు పలుగు పక్కన పెట్టి మళ్లీ కొలతలు చూసుకుంటారు తప్ప, కళ్లు మూసుకుని తవ్వుకుంటూ పోరు గదా!

చాలా బడుల్లో పిల్లలు ఎక్కువ, కంప్యూటర్లు తక్కువ. మీ వంతు వచ్చేదాకా చేతులు ముడుచుకుని కూర్చోనక్కరలేదు. అసలు పని కాగితం మీద ఉంది. కరెంటు పోయినా అది ఆగదు.

మీరు చేయండి

కంప్యూటరు ముట్టుకోకుండా ఈ రెండిటికీ తెలుగులో మెట్లు రాయండి.

ఒకటి: మధ్యాహ్న భోజనానికి ఒకటి నుంచి ఐదో తరగతి వరకు పిల్లవాడికి 100 గ్రాములు, ఆ పైన ఎనిమిదో తరగతి వరకు 150 గ్రాములు బియ్యం చొప్పున లెక్క. ఒక బడికి ఈ రోజు ఎన్ని కిలోల బియ్యం కావాలి? (బడిలో చేరినవారి సంఖ్య తీసుకుంటారా, ఈ రోజు వచ్చినవారి సంఖ్యా? కొలతలు చూసుకోండి!)

రెండు: ఒక సంవత్సరం లీపు సంవత్సరమో కాదో చెప్పాలి. మెట్లు రాశాక 2024, 2023, 1900, 2000 సంవత్సరాలతో వేలు పెట్టి నడిపించండి. వరసగా అవును, కాదు, కాదు, అవును అని రావాలి. మూడో జవాబు తప్పు వచ్చిందా? అయితే మీరు కూడా నేను చెప్పడం పూర్తికాకుండానే కీబోర్డు పట్టుకున్నారన్నమాట! శతాబ్దం చివరి సంవత్సరాల నియమాన్ని మీ లెక్కల మాస్టారినడిగి తెలుసుకుని, మళ్లీ కాగితం తీసుకోండి.